పెట్టె అడుగున బిళ్ళ

పొద్దున ఇర్మా భోజనాల బల్ల మీద పెట్టిన ఉక్కు చక్రం సాయంత్రం కావస్తున్నా అక్కడే ఉంది.

ఆ ఇంట్లో ఇనప సామాను బల్లలెక్కడం కొత్త కాదు. కొడుకు రోలీ కార్లకు వేగం పెంచే విడిభాగాలు టపాలో అమ్మడం మొదలుపెట్టినప్పటినుంచి వంటింట్లో గొట్టాలు, స్నానాల గదిలో స్ప్రింగులు, మెట్ల కింద అట్టపెట్టెలు ఉంటూనే ఉన్నాయి. కానీ ఇంజను వెనక బిగించే ఈ ఫ్లైవీలు చక్రం కింద పరిచి ఉన్నది ఇర్మా పెళ్ళికి వాళ్ళమ్మ అల్లి ఇచ్చిన లేసు గుడ్డ. చక్రానికి వేసిన బూడిదరంగు పూత నిగనిగలాడుతోంది. పూత కింద ఎక్కణ్ణించో నల్లటి నూనె ఊరి లేసు పువ్వుల్లోకి ఇంకుతోంది. చీము పట్టిన పుండుకు కట్టు కట్టినట్టుంది చూడటానికి.

గుడ్డ పాడవుతుందని ఇర్మాకు తెలుసు. తెలిసే పెట్టింది.

"అత్తయ్యా, సాయంత్రం భోజనానికి బ్యాంకు ఆయనా ఆయన భార్యా వస్తున్నారు," అంది కోడలు డార్లీన్, పొద్దుటినుంచి అంటున్నదే మళ్ళీ. "ఓవెన్‌లో మాంసం ఉడికిపోతోంది. బల్ల సర్దాలి. మీ కోపం రేపు చూసుకుందాం."

"నాది కోపం కాదు. రోలీ వచ్చి నాకు జవాబు చెప్పేదాకా అది అక్కడే ఉంటుంది."

"చెప్పాడుగా, పొరపాటున ఒక పెట్టె కలిసిపోయిందని."

"నీకు చెప్పాడు. నా మొహం చూసి చెప్పమను."

డార్లీన్ ఓవెను తలుపు తెరిచి, చూసి, అవసరానికి మించి గట్టిగా మూసింది. మాంసం వాసనా, గ్యారేజీ నుంచి వచ్చే కిరసనాయిలు వాసనా వంటింట్లో కలుసుకున్నాయి. ఇర్మా ముక్కుకు ఏప్రను అంచు అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళుగా ఆ రెండు వాసనల మధ్యే తిండి తింటున్నా ఎప్పుడూ ఇలా చెయ్యలేదు.

పొద్దున జరిగింది చెప్పుకోవడానికి చిన్న సంగతే.

ఇర్మా పని పార్సెళ్ళు కట్టడం. గ్యారేజీలోంచి సరుకు అట్టపెట్టెల్లో వస్తుంది. ఆమె పైన పాత వార్తాపత్రికలు కూరి, టేపు వేసి, చిరునామా అతికిస్తుంది. టేపు వేసేముందు, ఎవరూ చూడకుండా, ఒక చిన్న అల్యూమినియం బిళ్ళను పెట్టె పక్కనుంచి అడుగు అట్ట కిందికి జారుస్తుంది. భుజాన బిడ్డను మోస్తూ, ప్రయాణాల్లో కాపాడే పునీత క్రిస్టోఫర్ బొమ్మ ఉన్న బిళ్ళ. చర్చి మహిళా సంఘం దగ్గర సంచెడు సంచెడు కొనుక్కుంటుంది. ఏ ఊళ్ళోనో ఏ కుర్రాడో ఈ సామాను బిగించుకుని చావుకు ఎదురెళ్ళేంత వేగంగా బండి తోలతాడు. వాడికీ ఓ తల్లి ఉంటుంది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఇర్మా కీడెంచడంలో ఏనాడూ వెనకబడలేదు. మేలుదాకా వెళ్ళే తీరికే ఆమెకెప్పుడూ దొరకలేదు.

మొదట్లో బిళ్ళను పైనే పెట్టేది. రోలీ చూసి నవ్వి, మనం అమ్మేది వేగం, నువ్వు వాళ్ళకి చావు గుర్తుచేస్తున్నావు అన్నాడు. అప్పటినుంచి అడుగున దాస్తోంది. ఆ సంగతి ఆమెకూ పునీత క్రిస్టోఫర్‌కూ తప్ప మూడోవాళ్ళకు తెలియదు.

ఇవాళ పొద్దున గ్యారేజీలోంచి వచ్చిన ఒక పెట్టెకు అడుగు కాస్త చిరిగి ఉంది. ఎత్తగానే టింగుమని ఏదో నేల మీద పడి దొర్లింది. ఆమె అప్పటికింకా సంచిలో చెయ్యి పెట్టలేదు. వంగి తీసి చూస్తే, బిళ్ళ.

అంటే ఆ పెట్టె ఇదివరకే ఆమె చేతులమీదుగా వెళ్ళింది. వెళ్ళి, ఎవరో వద్దని తిప్పి పంపితే వచ్చి, కొత్త పూత పూసుకుని, కొత్త సరుకని మళ్ళీ బయల్దేరింది.

ఆమె కూరల కత్తి తెచ్చి పూత గీకింది. కింద ఉక్కు మీద కాలిన నీలి మచ్చలున్నాయి. మచ్చల మధ్య, పాత పింగాణీ కప్పు మీద పడే సన్నటి వెంట్రుకల్లాంటి గీతలున్నాయి.

అప్పుడు తెచ్చి పెట్టింది దాన్ని బల్ల మీద.

*

రోలీ ఏమీ జరగనట్టే ఈల వేసుకుంటూ వచ్చాడు. తలకు నూనె రాసి దువ్వుకున్నాడు, మెడకు టై ఉంది. సోమవారం ఊరి చివర మూతపడ్డ స్కేటింగు హాలును గోదాముగా కొనడానికి బ్యాంకు కాగితాల మీద సంతకాలు. ఇవాళ్టి విందు దానికోసమే.

బల్ల వంక చూసి, చూడనట్టు వెళ్ళి, పళ్ళెంలో ఆపిల్ 'పై' రొట్టె ముక్క కోసుకుని నిలబడే తినడం మొదలుపెట్టాడు.

"కూర్చో," అంది ఇర్మా.

"బట్టలు నలుగుతాయమ్మా."

"ఇది ఎవరు తిప్పి పంపారు?"

ఎవడో కుర్రాడు, బిగించడం చేతకాక ఊగుతోందని పంపాడు, అన్నాడు రోలీ నములుతూ. అలాంటివి వస్తుంటాయి. క్యాటలాగులో మనమే రాశాం కదా, నచ్చకపోతే తిప్పి పంపండి, మీ డబ్బు మీకిస్తామని. ఆ మాట వేశాకే కదా వ్యాపారం ఇంతలా పెరిగింది. అలా వచ్చినవన్నీ పారేసుకుంటూ పోతే ఏ కంపెనీ నిలబడుతుంది. చెడ్డవి పక్కన పెడతాం, మంచివి కాస్త చెక్కి, తుడిచి పంపుతాం. ఇది చెడ్డవాటిల్లోది, పొరపాటున కలిసింది, అంతే.

అంతా ఒక్క గుక్కలో చెప్పాడు. అద్దం ముందు చెప్పి చూసుకున్నాడేమో అనిపించింది ఇర్మాకు.

"చెడ్డదానికి పూత ఎందుకు వేశారు మరి?"

రోలీ నమలడం ఆపాడు.

"పారేసేదానికి ఎవరైనా రంగేస్తారా? శవానికి తల దువ్వినట్టు?"

"అమ్మా, నీకు ప్రతిదీ శవమే," అన్నాడు. "పిల్లాడు దగ్గితే క్షయ. ఫోను మోగితే చావుకబురు. నాకు సైకిలు కొన్నరోజు నువ్వు ఏడ్చావు. గుర్తుందా? పెళ్ళిరోజు ఏడ్చావు, సరే. సైకిలుకు ఏడ్చినదానివి నువ్వొక్కతివే ఈ అక్రన్ ఊరు మొత్తానికి."

డార్లీన్ ఓవెను వైపు తిరిగి నవ్వు దాచుకుంది.

ఇర్మాకు ఆ నవ్వు గుచ్చుకుంది. నిజమే. ఉరిమితే పిడుగనీ, చినికితే వరదనీ జన్మంతా భయపడుతూనే బతికింది. నాన్నా పులి కథలో పిల్లాడిలా అయింది ఆమె బతుకు. ఇప్పుడు పులి నిజంగానే వచ్చి భోజనాల బల్ల మీద కూర్చుంటే, చూసేవాళ్ళు లేరు.

"వెండెల్ విషయంలో కూడా నేనే శవాన్ని ఊహించుకున్నానా?" అంది.

ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ ఊరికే తీయరు. రోలీ స్నేహితుడు వెండెల్. పందెంలో వాడి కారుకున్న పాత పోత ఇనుము చక్రం వేగానికి తట్టుకోలేక ముక్కలైంది. ముక్క ఒకటి కారు అడుగు చీల్చుకుని పైకొచ్చింది. వాణ్ణి కారులోంచి ఎత్తింది రోలీయే. వాడి బూట్లు కారులోనే ఉండిపోయాయి. ఆ బూట్లలో ఏముందో రోలీ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఆ ఎండాకాలంలోనే పుట్టింది ఈ వ్యాపారం. పగలని ఉక్కు చక్రాలు అమ్ముతానని రోలీ కార్ల పత్రిక ఆఖరి పేజీలో అగ్గిపెట్టెంత ప్రకటన వేశాడు. ఈ బల్ల మీదే ఉత్తరాలు విప్పారు. తర్వాత గ్యారేజీ, తర్వాత రంగుల క్యాటలాగు. క్యాటలాగు మొదటి పేజీలో ఇర్మా ఫొటో ఉంటుంది, పువ్వుల ఏప్రను కట్టుకుని, చేతిలో పార్సెలుతో. కింద పెద్ద అక్షరాలు: 'మా అమ్మ చేత్తో కట్టింది. మీ అమ్మ నిశ్చింతగా నిద్రపోవచ్చు.'

ఆ ఫొటో చూసి ఎక్కడెక్కడి తల్లులో ఆమెకు పండుగలకు కార్డులు పంపేవారు. ఇర్మా వాటిని పారేయలేక అద్దాల బీరువాలో పెట్టుకుంది.

"వెండెల్ మాట తేవద్దు," అన్నాడు రోలీ.  "వాడికోసం నేను చేసినంత వాడి సొంత అన్న చెయ్యలేదు."

"చేశావు. అందుకే అడుగుతున్నాను. ఇలాంటివి ఇంకెన్ని పంపావు?"

"నేను చక్రాలు చెక్కుతూ కూర్చుంటున్నానా అమ్మా? నాకు ఫోన్లు ఎత్తడానికే దిక్కులేదు."

"మరి ఎవరు చెక్కుతున్నారు?"

 డార్లీన్ చెంచాతో ఏదో కలుపుతున్నదల్లా ఆగిపోయింది. ఆమె చూపూ రోలీ చూపూ ఒకేసారి ఒకే వైపు వెళ్ళి, వెళ్ళనట్టు వెనక్కి వచ్చాయి.

ఆ వైపు కిటికీ పక్క కుర్చీలో ఎమిల్ కూర్చుని ఉన్నాడు.

*

ఇర్మా మొగుడు ఎమిల్ మాటలు తక్కువ మనిషి. ఊళ్ళోని టైర్ల ఫ్యాక్టరీలో వయసంతా ధారపోసి, ఊపిరితిత్తులు పాడయ్యాక ఇంటికొచ్చి కూర్చున్నాడు. పొద్దుటినుంచి ఇంత గొడవ జరుగుతున్నా పేపరు మొహానికి అడ్డం పెట్టుకునే ఉన్నాడు. ఆయనకు గొడవలు పడవని ఇర్మా ఆయన జోలికి పోలేదు.

ఇప్పుడు చూసింది. పేపరు అంచు పట్టుకున్న వేళ్ళు చూసింది. గోళ్ళ మూలల్లో బూడిదరంగు.

ఆ రంగు ఆమెకు తెలియనిది కాదు. కొన్ని వారాలుగా రాత్రి భోజనానికి ముందు కిరసనాయిలు గుడ్డతో ఆ గోళ్ళను తానే తుడుస్తోంది. ఏమిటిదని అడిగితే కంచెకు రంగు వేస్తున్నానన్నాడు. పోనీలే, ఏదో పని దొరికింది మనిషికి అని సంతోషించింది. సబ్బు పెట్టి కడిగి, ఆ చేతుల్లోనే రొట్టె పెట్టింది.

ఇర్మా కిటికీలోంచి కంచెను చూసింది. తెల్ల రంగు పెచ్చులూడి, ఎప్పట్లాగే ఉంది. ఇన్ని రోజులూ అది అక్కడే, కళ్ళెదుటే ఉంది.

"ఎమిల్," అంది. "ఆ పేపరు దించు."

దించాడు.

"నువ్వేనా?"

"చూసి చూసే చేశాను ఇర్మా. మరీ చెడ్డవి చెయ్యలేదు."

"ఆ గీతలు నీకు కనబడలేదా?"

"పైపైన గీతలు. చెక్కితే పోతాయి." పేపరును నాలుగు మడతలు పెట్టాడు. "చాలావరకు పోతాయి."

ఇర్మా కుర్చీ వీపు పట్టుకుంది. కోపం వస్తుందనుకుంది. కోపం రాలేదు, రోత వచ్చింది. ఇన్నేళ్ళు పక్కన పడుకున్న మనిషి ఒంటి మీద ఏదో పాకుతుంటే చూసినట్టు, అది తన ఒంటి మీదికీ పాకినట్టు అనిపించింది. ఏప్రనుకు చేతులు తుడుచుకుంది. తుడుచుకున్నకొద్దీ ఇంకా తుడుచుకోవాలనిపించింది.

"ఫ్యాక్టరీలో తేడా ఉన్న టైరును కత్తితో అడ్డంగా కోసి పారేసేవాళ్ళమని నువ్వే చెప్పేవాడివి," అంది. "చెత్తకుప్పలోంచి ఏరుకుని ఎవరూ వాడకూడదని. ఆ మాట చెప్పేటప్పుడు నీ ఛాతీ ఇంత అయ్యేది. అమ్మాయిలు డాన్సుకు పిలిచినా రాని మొహమాటస్తుణ్ణి ఆ మాటలు వినే నేను పెళ్ళాడాను."

ఎమిల్ తల ఎత్తలేదు.

"ఫ్యాక్టరీ నన్ను ఇంటికి పంపాక నన్నెవరూ దేనికీ పిలవలేదు," అన్నాడు. "వీడు పిలిచాడు. నాన్నా, నీ చేతి పని ఎవరికీ రాదు అన్నాడు."

రోలీ కిందికి చూశాడు. తింటున్న పళ్ళేన్ని మెల్లిగా గట్టు మీద పెట్టాడు.

 ఓవెన్‌లో కొవ్వు చిటపటలాడింది. 

"బ్యాంకు ఆయన వచ్చేలోగా ఇంత చేస్తే చాలు," అంది ఇర్మా. "వెనక్కొచ్చి మళ్ళీ వెళ్ళినవి ఎవరెవరికి వెళ్ళాయో వాళ్ళందరికీ ఇవాళే ఫోను చెయ్యి. బిగించొద్దని చెప్పు."

"ఎవరికని చెయ్యను?" అన్నాడు రోలీ. "కొత్తవీ పాతవీ కలిపే పంపాం. ఏది ఎవరికి వెళ్ళిందో దేవుడికి తెలియాలి. అందరికీ చేస్తే సోమవారం సంతకం ఉండదు, మంగళవారం కంపెనీ ఉండదు. క్యాటలాగులో ఉన్నది నీ మొహం. జనం ఉమ్మేది దాని మీదే."

"ఇప్పుడు నేనే ఉమ్ముతున్నాను దాని మీద," అంది ఇర్మా.

అప్పుడు గమనించింది, వంటింట్లో డార్లీన్ లేదు.

*

పార్సెల్ వ్యాను గ్యారేజీ ముందు ఆగి ఉంది. రోజూ మధ్యాహ్నమే వచ్చే డ్రైవరు క్లైడ్ ఇవాళ ఆలస్యంగా వచ్చాడు. లోపల వీళ్ళు గొంతులు చించుకుంటుంటే డార్లీన్ వెనక తలుపులోంచి వెళ్ళి, సరుకు ఎక్కించమని చెప్పింది. గౌను చేతులు పైకి మడుచుకుని తనూ అందించింది. ఈ నెల ఫ్లైవీలు చక్రాలకు తగ్గింపు ధర. ఎక్కించినవాటిల్లో ముప్పాతిక అవే.

ఇర్మా మెట్లు దిగేసరికి గుమ్మంలో మూడు పెట్టెలే మిగిలాయి.

"అవి ముట్టుకోవద్దు క్లైడ్."

క్లైడ్ వంగినవాడు వంగినట్టే ఉండి డార్లీన్ వంక చూశాడు. ఏళ్ళ తరబడి ఇర్మా పెట్టే వాల్‌నట్ రొట్టె తింటున్నాడు, కానీ రసీదు మీద సంతకం చేసేది డార్లీన్.

"ఎక్కించండి," అంది డార్లీన్. తర్వాత అత్తగారివైపు తిరిగి, గొంతు తగ్గించి, "అత్తయ్యా, నేను కూడా రాత్రుళ్ళు నిద్రపోవడం లేదు. మీరొక్కరే అనుకోకండి. కానీ ఇల్లు కూడా ఈ వ్యాపారం మీదే నడుస్తోంది. మీ మనవడు కూడా ఈ అన్నమే తింటున్నాడు," అంది.

"అదే నాకు కడుపులో తిప్పుతోంది," అంది ఇర్మా.

ఆమె చేతిలో రొట్టె కోసే కత్తి ఉంది. ఎప్పుడు తీసుకుందో తనకే తెలియదు. నేల మీద కూలబడి మొదటి పెట్టెను బోర్లించి అడుగు టేపు చీల్చింది. అట్ట కింద వేలు పెట్టి తడిమింది. పొద్దున తను స్వయంగా జార్చిన బిళ్ళ తగిలింది. దాని పక్కన ఇంకోటి తగిలింది.

రెండు.

రోలీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వెనక ఎమిల్ దగ్గు వినిపించింది. ఎవరూ ఆమెను ఆపలేదు. ఆమె ఏం వెతుకుతోందో వాళ్ళకు అర్థం కాలేదు. బిళ్ళలు ఇంకా వేస్తోందని వాళ్ళెవరికీ తెలియదు.

"ఇంకా వేస్తున్నావా అమ్మా అవి?" అన్నాడు రోలీ.

"పెట్టె వెళ్ళినప్పుడల్లా నేనొకటి వేస్తాను," అంది తల ఎత్తకుండా. "కొత్త పెట్టెకు ఒకటుండాలి."

రోలీ మొహం ఆమె చూడలేదు. ఎమిల్ దగ్గు ఆగిపోవడం మాత్రం విన్నది.

రెండో పెట్టెలోనూ రెండున్నాయి.

మూడో పెట్టె అట్ట నలిగి మెత్తబడింది. టేపు మీద టేపు, చిరునామా కాగితం మీద చిరునామా కాగితం. అతికించింది తనే, ఏనాడూ ఆగి చూడలేదు. ఇర్మా వేలు లోపల పెట్టి, ఒకటి బయటికి లాగింది. రెండోది లాగింది. పునీత క్రిస్టోఫర్ భుజం మీద బిడ్డ అరిగి కనబడకుండా పోయింది. అయిపోయిందనుకుని పెట్టెను పక్కకు తోసింది. లోపల గలగలమంది. దాన్నీ లాగి గుప్పిట్లో పట్టుకుంది.

మూడు.

ఇద్దరు కుర్రాళ్ళు దీన్ని భయపడి తిప్పి పంపారు. మూడోవాడికి వెళ్ళబోతోంది. వాడూ భయపడతాడని ఏముంది. వాడింట్లో క్యాటలాగులో ఇర్మా ఫొటో చూసి నిశ్చింతగా నిద్రపోయే తల్లి ఉండొచ్చు.

వ్యాను ఇంజను మొదలైంది. లోపల ఇంకెన్ని పెట్టెల్లో ఎన్నెన్ని బిళ్ళలున్నాయో ఆమెకు తెలియదు. గుమ్మం పట్టుకుని లేవబోయింది.

అంతలో ఒక పొడవాటి నల్లకారు ఇంటి సందులోకి తిరిగి, వ్యానుకు సరిగ్గా అడ్డంగా ఆగింది. బ్యాంకు ఆయన చెప్పిన వేళకంటే ముందే వచ్చాడు. ఆయన టోపీ సర్దుకుంటుండగానే అటుపక్కనుంచి ఆయన భార్య దిగింది, చేతిలో పూలకుండీ పట్టుకుని. నేల మీద చిందరవందరగా పడి ఉన్న అట్టముక్కలను దాటుకుంటూ నవ్వుతూ వచ్చింది.

"మీరే కదూ, క్యాటలాగులో అమ్మ," అంది. "మా వాడు మీ ఫొటో కత్తిరించి గ్యారేజీ గోడకు అంటించుకున్నాడు. మీ చేత్తో కట్టిన పార్సెల్ మా ఇంటికి కూడా వచ్చింది, మొన్ననే."

రోలీ ఒక అడుగు ముందుకు వేశాడు. "అమ్మా," అన్నాడు, చిన్నప్పుడు చీకట్లో పిలిచినట్టు, బతిమాలుతున్నట్టు.

ఇర్మా వాడివైపు చూడలేదు. ఆవిడ కళ్ళలోకే చూస్తూ, మూడు బిళ్ళలున్న గుప్పిట విప్పింది.